పనిచేయని బటన్

శుక్రవారం

బంగారంలాంటి మా వదినకు,

కాగితం మీద ఉత్తరమేమిటి, ఈ పిల్లకు మతిగానీ పోయిందా అని నవ్వుకోకు. ఫోన్‌లో రాస్తే అన్నయ్య కంట పడుతుంది. కంప్యూటర్‌లో మీ ఆట తెరవడానికి వచ్చే ఓటీపీ అంకెల కోసమని నీ ఫోన్ సగం రోజు తన దగ్గరే ఉంటుంది కదా. పైగా ఆఫీసు సంగతులు బయట ఎక్కడా టైపు చేయనని మా అందరితో సంతకాలు పెట్టించుకున్నారు. చేత్తో రాయకూడదని మాత్రం అందులో లేదు, రెండుసార్లు చదివి చూశాను. అందుకే మీ కళ్ళజోళ్ళ షాపు చిరునామాకు పంపుతున్నాను. క్షేమ సమాచారాలు చివర్లో తీరిగ్గా అడుగుతాను. ముందు నా గోడు విను.

నేను ఆటల కంపెనీలో ఉద్యోగం చేస్తానని ఇంట్లో అందరికీ తెలుసుగానీ, అక్కడ ఏం చేస్తానో ఎవరికీ తెలియదు. అన్నయ్య అయితే బొమ్మలకు రంగులేస్తాననుకుంటున్నాడు. నా పని తూకం వేయడం. ఒకవైపు ఐదుగురు, రెండోవైపు ఐదుగురు కొట్టుకుంటారు కదా, వాళ్ళలో దెబ్బలు మాన్పే హీలర్ల బలం ఎంత ఉండాలో చూసేది నేను. హీలర్‌కు బలం ఎక్కువైతే ఎవరూ పడరు, ఆట తెమలదు. తక్కువైతే ఆ పాత్ర మొహం ఎవరూ చూడరు. ఆ రెంటికీ మధ్య వెంట్రుకవాసి చోటు ఉంటుంది. ఆ చోట్లో మూడేళ్ళుగా ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను.

ఇప్పుడు నా ప్రాణం తోడేస్తున్నది నువ్వు రోజూ సాయంత్రం అన్నయ్య పక్కన ఆడే పాత్రే. దాది. ఆమె గురించి నీకు నేను చెప్పేదేముంది? జట్టులో ఒకరికి లంకె వేస్తుంది. అప్పటినుంచి అతనికి తగిలే ప్రతి దెబ్బలో సగం ఆమె మీద పడుతుంది. మొదట్లో ఆ లంకెను దాది ఒక బటన్ నొక్కి తానే విప్పుకునేది. ‘సరిగ్గా దెబ్బలాట మధ్యలో విప్పుకుని పోయింది, నేను పడిపోయాను’ అని జట్టులో ముందుండి కొట్టేవాళ్ళు వేలకొద్దీ ఫిర్యాదులు రాశారు. పడిపోతే ఏమవుతుంది, పది సెకన్లలో మళ్ళీ లేస్తారు. అయినా కొంప మునిగినట్టు గోల చేశారు. అప్పుడు ఆ బటన్‌ను దాది చేతిలోంచి తీసేసి, లంకె వేయించుకున్నవాడి చేతికిచ్చారు. అతను విప్పాలి, లేదా దాది చావాలి. ఆ ఆలోచన ఎవరిదో నీకెప్పుడూ చెప్పలేదు. నాదే. ఉద్యోగంలో చేరిన ఆరో నెలలో చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. దాది ఉన్న జట్ల గెలుపు వందకు నలభై ఏడు నుంచి యాభై మూడుకు పెరిగింది.

ఇప్పుడేమో దాదిని ఎంచుకునేవాళ్ళే లేరు. ఉన్న హీలర్లు ముగ్గురే. దాదిని వదిలేసినవాళ్ళు మిగతా ఇద్దరి దగ్గరికి పోకుండా ఆటే మానేస్తున్నారు. హీలర్ లేకుండా మ్యాచ్ మొదలవదు కాబట్టి మిగతావాళ్ళు పన్నెండేసి నిమిషాలు ఎదురుచూస్తూ మమ్మల్ని తిడుతున్నారు. మా టీమ్ పెద్దకు మేం శాతాలయ్య అని పేరు పెట్టుకున్నాం, నోరు విప్పితే శాతాలే రాలతాయి. ఆయన రోజుకో చిట్కా చెబుతాడు. దాదికి ప్రాణం పెంచుదామన్నాడు, పెంచాం. మెరిసే అంగీ ఇద్దామన్నాడు, ఇచ్చాం. మ్యాచ్ అయ్యాక ‘దాదీ, నీ మేలు మరువం’ అని బంగారు అక్షరాలు వేశాం. ఎంచుకునేవాళ్ళు ఇంకా తగ్గారు. బటన్ తిరిగి ఇచ్చేద్దామని ఒక్కసారి అన్నాను. గెలుపు శాతం పడిపోతే ఎవరు జవాబు చెబుతారని అడిగాడు. ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మా మీటింగ్ గదికి నాలుగు వైపులా అద్దాలే. అన్నీ కిటికీల్లా కనిపిస్తాయిగానీ ఒక్కటీ తెరుచుకోదు. పొద్దున పదింటికి అందులో కూర్చుంటే సాయంత్రానికి ఊపిరాడదు. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను వదినా. వెంటనే జవాబు రాయి, నీ నాలుగు మాటలు చదివితేగానీ నేను కుదుటపడను.

క్షేమ సమాచారాలు అడుగుదామనుకుంటే కాగితం అయిపోయింది.

ఇట్లు,
నీ మరదలు

*

సోమవారం

మా మంచి వదినకు,

నీ జవాబు అందింది. నాలుగుసార్లు చదివాను. నువ్వు రాసినట్టే రోజూ మధ్యాహ్నం ఓ పావుగంట ఆ అద్దాల గది వదిలి వీధిలోకి పోయి నడుస్తున్నాను. నిజంగానే తేలిగ్గా ఉంది. కృత్రిమ కళ్ళు చేయడం నేర్పే ఆ ఆరు నెలల శిక్షణకు వాళ్ళు నిన్ను మళ్ళీ పిలిచారని, నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలని చివర్లో రాశావు. ఆ సంగతి నిదానంగా మాట్లాడుకుందాం. క్షేమ సమాచారాలు కూడా చివర్లోనే. ముందు ఇది విను, విన్నాక నన్ను ఏమన్నా అను.

మా దగ్గర ప్రతి మ్యాచ్‌కూ రికార్డు ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏ బటన్ నొక్కారో అన్నీ వరుసగా ఉంటాయి. ఆడేవాళ్ళ పేర్లుండవు, నంబర్లే. మేం ఎప్పుడూ పనిచేసే బటన్లనే చూస్తాం. పోయిన గురువారం పట్టికలో ఒక గడి తెరవబోయి పొరపాటున ఇంకొకటి తెరిచాను. అది లంకె విప్పుకోవడానికి దాదికి ఒకప్పుడున్న బటన్. దాన్ని తీసేసి రెండున్నరేళ్ళయింది. ఇప్పుడు నొక్కినా ఏమీ జరగదు, చప్పుడు కూడా రాదు. ఆ గడి ఖాళీగా ఉంటుందనుకున్నాను.

నిండా అంకెలే ఉన్నాయి వదినా. మనుషులు దాన్ని ఇంకా నొక్కుతున్నారు. ప్రతి మ్యాచ్‌లోనూ మూడుసార్లో, నాలుగుసార్లో, పదిసార్లో. పనిచేయదని తెలిసి కూడా నొక్కుతున్నారు. చివరికి ఆట మానేసిన ప్రతివాళ్ళూ మానేసే ముందు రోజుల్లో దాన్ని ఎక్కువగా నొక్కారు.

అన్నింటికంటే ఎక్కువ నొక్కింది ఒక్క మ్యాచ్‌లో. పోయిన మంగళవారం సాయంత్రం ఆడింది. నలభై ఒక్కసారి. ఆ మ్యాచ్ తెరిచి చూశాను. దాది లంకె వేసినవాడు ఎడమ గోడ వెంబడి పరిగెత్తాడు, మూల దగ్గర ఊరికే ఒక గెంతు గెంతాడు, వెనకాల ఎవరొస్తున్నారో చూడకుండా అవతలి ఐదుగురి మధ్యలోకి దూకాడు. చిన్నప్పుడు వీధిలో దొంగాట ఆడినా అన్నయ్య అంతే. మూల దగ్గర ఒక గెంతు గెంతకుండా మలుపు తిరిగేవాడు కాదు. వాడి వెనక సగం దెబ్బలు తింటూ నడుస్తున్న దాదివి నువ్వే. ఏడుసార్లు చచ్చిపోయావు. అన్నయ్య ఒక్కసారీ పడలేదు. జట్టు గెలిచింది. చివర్లో బంగారు అక్షరాలు పడ్డాయి.

అది చూసినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. రేపు, ఎల్లుండి ఆఫీసుకు సెలవు పెట్టాను. శాతాలయ్యకు ఈ గడి చూపిస్తే నా ఉద్యోగం ఊడుతుందేమోనని ఒక భయం, చూపించకపోతే నాకు నేనే మొహం చూపించుకోలేనని ఇంకో భయం. మధ్యలో నేను నలిగిపోతున్నాను. నీ మీద ఆన, ఇంత కష్టం ఎప్పుడూ పడలేదు. నువ్వు కోపంగా లేవని ఒక్క ముక్క రాయి. అది వచ్చేదాకా నేను మనిషిని కాలేను.

ఇంతలో పోస్టు డబ్బా విప్పే వేళయింది. నీ సంగతులు వచ్చే ఉత్తరంలో తప్పకుండా అడుగుతాను.

నీ మీదే భారం వేసిన
నీ మరదలు

*

శనివారం

అమ్మ తర్వాత అమ్మలాంటి వదినకు,

కోపం లేదని రాశావు. అంతే రాశావు, ఒకే ఒక్క వాక్యం. నువ్వు ఎప్పుడూ పేజీ నింపుతావు కదా, పనిలో ఉండి ఉంటావు. క్షేమ సమాచారాలు చివర్లో అడుగుతాను. ఇవాళ ధైర్యం చేసి మనసులో ఉన్నది కక్కేస్తున్నాను. ఆపితే మళ్ళీ రాయలేను.

మూడేళ్ళ కిందట అన్నయ్యను పోటీలాడే పెద్ద జట్టులోంచి తీసేశారు. నెల రోజులు గదిలోంచి బయటికి రాలేదు, గడ్డం కూడా గీసుకోలేదు. అదే నెలలో నీకు ఆ శిక్షణలో చోటు దొరికింది. ఎవరిదో పోయిన కన్నుకు జతగా, ఉన్న కన్ను చూసుకుంటూ, రంగులు చేత్తో వేయడం నేర్పుతారని చెప్పేటప్పుడు నీ మొహం చూడాలి. పెట్టె కూడా సర్దుకున్నావు. ఆ రోజు పొద్దున మీ మేడ మెట్ల మీద నేను ఎదురొచ్చి నిన్ను ఆపాను. నువ్వు వెళితే అన్నయ్య మళ్ళీ లేవడని చెప్పాను. ‘నేను అడగలేను, నువ్వే చెప్పి ఆపు’ అని అన్నయ్య నాతో అన్న మాట కూడా నీకు చేరవేశాను. నువ్వు మెట్టు మీద కూర్చుండిపోయావు. కాసేపటికి లేచి పెట్టె లోపలికి తీసుకెళ్ళావు.

నాకు ఈ ఉద్యోగం అప్పటికి వారం కిందటే వచ్చింది. నువ్వు వెళ్ళిపోతే అన్నయ్యను చూసుకోవలసింది నేనే. వాడి అలకలు, వాడి మౌనం, తినిపించడాలు, బుజ్జగించడాలు, సాయంత్రం పూట వాడి పక్కన కూర్చుని ఆడటాలు, అన్నీ నా నెత్తిన పడేవి. అది నాకు ఇష్టం లేదు వదినా. అన్నయ్య మీద ప్రేమతో నిన్ను ఆపాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నా దారి నేను చూసుకోవడానికే నిన్ను అక్కడ కట్టేశాను. ఆరు నెలల తర్వాత ఆఫీసులో ‘దాది మధ్యలో వదిలేసి పోకుండా ఏం చేద్దాం’ అని అడిగితే అందరికంటే ముందు నాకే ఎలా తట్టింది? అప్పటికే ఒకసారి చేసి చూసిన పని కాబట్టి తట్టింది.

ఇక ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ వచ్చే బుధవారం కాదు, ఆపై బుధవారం మీటింగ్‌లో బటన్ తిరిగి ఇవ్వమని గట్టిగా అడుగుతాను. కాదంటే రాజీనామా కాగితం అక్కడే పెట్టి వచ్చేస్తాను. అయితే నువ్వు నన్ను క్షమించానని రాస్తేనే ఆ గదిలోకి అడుగు పెట్టగలను. ఆ ముందు మంగళవారంలోగా నీ ఉత్తరం అందాలి. శిక్షణ సంగతి కూడా నాకు గుర్తుంది. అన్నయ్యకు ఇంకో నాలుగు నెలల్లో పెద్ద పోటీ ఉందన్నావు కదా, అది కానిచ్చి ఆలోచిస్తే నీకూ మనశ్శాంతిగా ఉంటుందేమో చూడు.

ఏడుస్తూ రాస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోయాయి. ఇంక ఏమీ అడగలేను.

తప్పు చేసిన
నీ మరదలు

*

గురువారం

మా వదినకు వెయ్యి దండాలతో,

మంగళవారం నీ ఉత్తరం వచ్చింది. ‘క్షమించాను, వెళ్ళు’ అని రాశావు. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకునే వెళ్ళాను. క్షేమ సమాచారాలు తర్వాత, ముందు శుభవార్త విను.

శాతాలయ్యకు లెక్కలు చూపించలేదు. ‘ఒక్క పూట మీరే దాదిగా ఆడండి’ అన్నాను. ఆయన తన పాత్రల్ని తానే ఆడి ఏడేళ్ళయిందట. కొట్టేవాడిగా నేను ఆడాను. అచ్చం అన్నయ్యలాగే ఎడమ గోడ వెంట పరిగెత్తి, మూల దగ్గర గెంతి, మంద మధ్యలోకి దూకాను. లంకె విప్పలేదు. ఆయన ఐదుసార్లు చచ్చాడు. నాలుగోసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అయ్యాక రికార్డు తెరిచి ఆ గడి చూపించాను. ఆయన నంబరు ఎదురుగా పదిహేడు ఉంది.

“అది పనిచేయదని మీకు తెలుసు కదా. తీసేయమని సంతకం పెట్టింది మీరే,” అన్నాను.

“తెలుసు. వేలు దానంతటదే వెళ్ళింది,” అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు శాతం అనే మాటే ఎత్తలేదు. సాయంత్రానికి కాగితం మీద సంతకం పెట్టాడు. ఇవాళ పొద్దున్నే ఆ మార్పుతో కొత్త ప్యాచ్ అందరి ఆటల్లోకి వెళ్ళిపోయింది. బటన్ నీ చేతికి తిరిగొచ్చింది వదినా. ఇక నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోవచ్చు. నా గుండె మీది బండ దిగిపోయింది.

కాకపోతే మధ్యాహ్నం నుంచి కొట్టేవాళ్ళ తిట్లు మొదలయ్యాయి. వాటన్నింటికీ జవాబులు నేనే రాయాలి. ఇంకో రెండు నెలలు నాకు నరకమే. నువ్వు ఉన్నావన్న ధైర్యంతోనే ఇందులో దిగాను. ఇకనుంచి రోజూ రాస్తాను, నువ్వు వారానికి రెండు రాసినా చాలు. నీ ఉత్తరం లేకపోతే నేను నిలబడలేను.

క్షేమ సమాచారాలకు ఈసారి కూడా చోటు మిగల్లేదు చూడు, నా దస్తూరీ అంత పెద్దది.

నీ చేతి చలవతో నిలబడ్డ
నీ మరదలు

*

ఆదివారం

మరదలా,

రైల్లో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో. నీ నాలుగు ఉత్తరాలూ నా సంచిలో ఉన్నాయి. ఇందాక వరసగా మళ్ళీ చదివాను. నాలుగింటిలోనూ నా క్షేమ సమాచారాలు చివర్లో అడుగుతానన్నావు. నాలుగింటికీ చివర వచ్చిందిగానీ అడగడం రాలేదు. షాపులో నా పని నీకు తెలుసు. మనిషి కంటి ముందు రెండు అద్దాలు మార్చి మార్చి పెట్టి, ఇప్పుడు బాగుందా, ఇందాకే బాగుందా అని అడుగుతాను. రోజుకు ముప్పై మందిని అడుగుతాను. నన్ను ఒక్కరైనా అడుగుతారేమోనని నీ ప్రతి ఉత్తరమూ ఆఖరి గీత దాకా చదివాను.

ఆ మంగళవారం సంగతి చెబుతాను. ఆ రోజు మధ్యాహ్నమే నీ మొదటి ఉత్తరం షాపుకు వచ్చింది. బటన్ తీయించింది నువ్వేనని అందులోనే చదివాను. చదివి, నీకు ఊపిరాడటం లేదని దిగులుపడి, పేజీ నిండా ధైర్యం రాసి పోస్టు చేశాను. ఇంటికొచ్చి ఆటకు కూర్చున్నాను. నలభై ఒక్కసారి నొక్కానా? నేను లెక్క పెట్టలేదు. మీ శాతాలయ్యలాగా వేలు దానంతటదే వెళ్ళలేదు. పనిచేయదని తెలిసే నొక్కాను. ఆ వేళ నా మీద పడుతున్నవన్నీ మీ అన్నయ్య దెబ్బలని నువ్వు అనుకున్నావు. సగమే ఆయనవి.

నీ మూడో ఉత్తరం చదివి ఏడ్చాను. నీ మీద జాలితోనే ఏడ్చాను, అంత అలవాటు అయిపోయింది నాకు. మర్నాడు మీ అన్నయ్య టీ తాగుతుంటే పక్కన కూర్చుని ఒక్క సంగతి అడిగాను. మూడేళ్ళ కిందట నన్ను ఆపమని మీ చెల్లెలికి ఎందుకు చెప్పారు, నాతోనే చెప్పి ఉండవచ్చు కదా అన్నాను. ఆయన కప్పు కింద పెట్టారు.

“నేనెప్పుడు చెప్పాను? నువ్వే వెళ్ళడం మానుకున్నావనుకున్నాను. నా కోసం ఆగావని అప్పటినుంచి నీ మొహంలోకి సూటిగా చూడలేకపోతున్నాను,” అన్నారు.

నీ ఉత్తరంలో అన్నీ ఒప్పుకున్నావు మరదలా, ఆ ఒక్కటి తప్ప. ఒప్పుకుంటూ కూడా దాన్ని దాచావు. మూడేళ్ళు మేమిద్దరం ఒకే గదిలో కూర్చుని, ఆయన నన్ను పట్టుకున్నారని నేనూ, నేను ఆయన్ని మోస్తున్నానని ఆయనా, నోరెత్తకుండా బతికాం. శిక్షణకు వెళ్ళమంటారా అని అడిగాను. వెంటనే వెళ్ళమన్నారు. పెట్టె ఆయనే దించారు.

మొన్న గురువారం సాయంత్రం ఆఖరి మ్యాచ్ ఆడాం. నువ్వు తిరిగిచ్చిన బటన్ చూశాను. లంకె వేశాను, ఆయన ఎడమ గోడ వెంట పరిగెత్తారు, మూల దగ్గర గెంతారు, లోపలికి దూకారు. అక్కడ విప్పేశాను. ఆయన పడిపోయారు. ఆయన కుర్చీ నా వైపు తిప్పి, ఎన్నాళ్ళకో నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే తెరమీద ఆయన లేచి నిలబడ్డారు. పడ్డవాళ్ళు పది సెకన్లలో లేస్తారని నీ మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. రాసిన నువ్వూ మరిచిపోయావు, చదివిన నేనూ మరిచిపోయాను.

నువ్వు కూడా లేస్తావు. అందుకే నా కొత్త చిరునామా నీకు ఇవ్వడం లేదు. మీ అన్నయ్య దగ్గర ఉంది, అడిగితే ఇవ్వవద్దని చెప్పాను. ఆరు నెలలు నువ్వు నాకు రాయకు. నీ మీద కోపం నిజంగానే లేదు, ఉంటే ఇంత పొడుగు ఉత్తరం రాసేదాన్ని కాదు. ముందుగా రాసేది నేనే. అది వచ్చేదాకా తిట్లకు జవాబులు నీ అంతట నువ్వే రాసుకో. నీకు చేతనవుతుంది.

నేను క్షేమంగా ఉన్నాను. ఎలా ఉన్నావని నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఇట్లు,
వదిన